పాత సంచికలకు స్కానింగ్ ఒక్కటే చాలదు

కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో వారపత్రికగా ప్రారంభించిన ఆంధ్రపత్రిక, 1910 నుంచి వెలువరించిన ఉగాది సంచికల్లో సాహిత్యం, చరిత్ర, కళలను ఒక్కచోట చేర్చి, ఆనాటి తెలుగువారి ఆలోచనలకు విలువైన ఆధారాలను మిగిల్చింది. అయితే కలపగుజ్జుతో చేసిన చౌక కాగితంలో ఉండే లిగ్నిన్ అనే పదార్థం గాలీ వెలుతురూ సోకి క్షీణిస్తూ ఆమ్లాలను పుట్టిస్తుంది కాబట్టి, అలాంటి కాగితంపై అచ్చయిన పాత పత్రికల పుటలు పసుపెక్కి, మడతల దగ్గర పెళుసుగా విరిగిపోతాయి. వేటపాలెంలోని సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాలు ఎంత శ్రద్ధగా కాపాడినా, కాగితానికి ఉన్న ఈ పరిమితి తొలగదు.

అందుకే డిజిటలీకరణ, అంటే పుటలను స్కాన్ చేసి కంప్యూటర్‌లో భద్రపరచడం, అత్యవసరం. కానీ పని అంతటితో ముగియదు. ఉగాది సంచికలను గుర్తించే, అరవై ఏళ్లకోసారి తిరిగివచ్చే తెలుగు సంవత్సర నామాల్లో ‘సాధారణ’ 1910లోనూ 1970లోనూ వచ్చింది కనుక, సంచిక పేరుతో పాటు క్రీస్తుశక సంవత్సరాన్ని, రచయితను, వ్యాస శీర్షికను సూచికలో నమోదు చేయకపోతే పరిశోధకులకు కావలసిన పుట దొరకదు. పుట బొమ్మను వెతకదగిన అక్షరాలుగా మార్చే ఓసీఆర్ ప్రక్రియ మాసిన అచ్చు, అరసున్న, బండి ‘ఱ’ల దగ్గర తడబడుతుంది కాబట్టి, ఆ పాఠాన్ని సరిదిద్దడానికి భాషాజ్ఞుల తోడ్పాటు కావాలి.

తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు ఈ పనికి ఏటా నిధులు కేటాయించాలి. ఇళ్లలో పాత సంచికలున్నవారు వాటిని తూకానికి అమ్మకుండా, స్కానింగ్ కోసం సమీప గ్రంథాలయానికి అందించాలి.