డాక్టరు గారి డైరీ: కారు కంట్లో నలుసు

ఈ నెల రోగాల సంగతి కాస్త పక్కన పెడుతున్నాను. అయినా ఇదీ చూపు సంగతే.

1979లో రేవు, 1985లో ఫ్రీ జోన్ వచ్చిన చోటు మన జెబెల్ అలీ. ఇక్కడ కంటైనరు లారీలకు రాత్రీ పగలూ లేదు. మొన్నొక రాత్రి క్లినిక్ మూసి ఇంటికి వస్తుంటే ఎదురుగా ఒక లారీ. దాని దీపాలు నా కారు ముందద్దం మీద పడగానే, వైపరు గీసిన గీతలన్నీ ఒక్కసారి వెలిగి తెల్లటి తెర కట్టాయి. ఆ తెర వెనుక రోడ్డు దాటుతున్న ఇద్దరు కూలీలు ఆఖరి క్షణం దాకా నాకు కనిపించలేదు. బ్రేకు పడింది కనుక సరిపోయింది. వాళ్లలో ఒకాయన చెయ్యెత్తి నాకే సలాం చేసి వెళ్లాడు. అది ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ఎందుకంటే ఆ గీతలు నేను ఆరు నెలలుగా చూస్తున్నవే. ఊరికి డబ్బు పంపాలి, పిల్లల ఫీజు కట్టాలి, వచ్చే నెల చూద్దాం అనుకుంటూ గడిపాను.

గీతలు ఎలా పడతాయంటారా? ఇసుకలోని క్వార్ట్జ్ రేణువు గాజు కంటే గట్టిది. మోస్ కొలతలో అది 7 అయితే గాజు ఆరుకు లోపే. చలికాలం తెల్లవారుజామున మంచుకు దుమ్ము తడిసి అద్దానికి అంటుకుంటుంది. మనం తొందరలో వైపరు వేస్తాం. ఎండకు బిరుసెక్కిన రబ్బరు, దాని కింద ఇసుక. ఇక ఉప్పుకాగితంతో రుద్దినట్టే! కంట్లో నలుసు పడితే నలపకండి, నీళ్లతో కడగండి అని రోజూ చెప్పే నేనే కారు కన్ను నలిపాను.

కంటికీ అద్దానికీ ఒక తేడా ఉంది. నల్లగుడ్డు పైపొర కొంచెం గీసుకుంటే రెండు మూడు రోజుల్లో మామూలుగా మానిపోతుంది. గాజు మానదు. దాన్ని అరగదీయాల్సిందే.

ముందు గోటితో అడ్డంగా గీసి చూడండి. గోరు తట్టుకోకపోతే సీరియం ఆక్సైడ్ పొడి పనిచేస్తుంది. కళ్లద్దాల గాజుకు మెరుగు పెట్టేదీ అదే. పొడిని నీళ్లలో కలిపి, ఫెల్టు బిళ్లతో, నీడలో, ఒకేచోట ఆగకుండా రుద్దాలి. అద్దం తడి ఆరకూడదు, ఆరితే వేడెక్కి పగలవచ్చు. ముక్కుకు మాస్కు మరవకండి. టూత్‌పేస్టు చిట్కాతో పళ్లే తోముకోండి.

గోరు తట్టుకుంటే మాత్రం రుద్దకండి. అంత లోతు అరగదీస్తే అక్కడ పల్లం పడి, రోడ్డు వంకరగా కనిపిస్తుంది. ఆ గీత డ్రైవరు చూపుకు ఎదురుగా ఉంటే అద్దం మార్చడమే మందు. నా కేసు అదే అయింది, మార్చాను. జిగురు గట్టిపడేదాకా బండి కదపలేదు.

ఇప్పుడు పొద్దున్నే ఒక చెంబెడు నీళ్లు అద్దం మీద పోసిన తరువాతే వైపరు వేస్తున్నాను. ఏటా వేసవి పోగానే రబ్బర్లు మారుస్తానని మా ఆవిడకు మాటిచ్చాను. మీరూ ఈ రాత్రే ఎవరినైనా కారు ముందు టార్చి పట్టుకుని నిలబడమని, లోపల కూర్చుని చూడండి. తెర కనిపిస్తే వాయిదా వేయకండి.

వచ్చే నెల మళ్లీ రోగాలే. సెలవు.