చుట్టాలొచ్చారా... చల్లని చాయ్ పోయండి!

మే నెల. మిట్టమధ్యాహ్నం. పెళ్లిపత్రిక పట్టుకుని ఎవరో గడప దాకా వచ్చారు. మీరేం చేస్తారు? 'రండి రండి' అంటూ ఫ్యాను కిందికి కుర్చీ జరుపుతారు. చెంబుతో మంచినీళ్లిస్తారు. ఆ వెంటనే పిల్లాణ్ని వంటింట్లోకి పిలిచి, చేతిలో వంద నోటు పెట్టి, 'రెండు లీటర్లది తే... చల్లగా ఉందో లేదో పట్టి చూడు' అని చెవిలో చెబుతారు. అవునా, కాదా?

స్టేషన్ ఘనపూర్‌లో మా చిన్నమ్మ వాళ్లింట్లోనూ అంతే. (రైలాగే ఊరు కాబట్టి స్టేషన్ ఘనపూర్. జనగామ జిల్లాది. కోటగుళ్లున్న భూపాలపల్లి జిల్లా ఘనపూర్ వేరు సుమా!) హైదరాబాద్-వరంగల్ దారిలో ఉన్న ఊరు. అటు పోయేవాళ్లూ ఇటు వచ్చేవాళ్లూ ఓసారి తలుపు తట్టి పోతారు. ఇక పెళ్లిళ్ల కాలంలో చెప్పనే అక్కర్లేదు.

మా చిన్నాయనకు చాలా ఏళ్లుగా షుగరు. చాయ్‌లో చక్కెర మానేశాడు. మామిడిపండు ముక్కలు లెక్కపెట్టుకుని తింటాడు. అయినా ఓ వేసవిలో రక్తపరీక్ష చేయిస్తే, ఆ అంకెలు చూసి డాక్టరుగారు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

'ఏం తింటున్నారు? ఏం తాగుతున్నారు?'

'అన్నీ బందే సార్. ఎవరన్న చుట్టాలొస్తే సగం గ్లాసు కూల్‌డ్రింకు... గంతే!'

ఆ 'గంతే' దగ్గరే ఉంది అసలు సంగతంతా!

సగం గ్లాసు లెక్క

మామూలు కోలా 100 మిల్లీలీటర్లు తీసుకుంటే అందులో పది గ్రాములకు పైనే చక్కెర. సీసా మీద చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది, ఓసారి చూడండి. అంటే సగం గ్లాసుకు రెండు చెంచాలకు పైమాటే. వచ్చినవాళ్లు తాగుతుంటే ఇంటాయన చేతులు కట్టుకుని కూర్చోలేడు కదా! ఒక్క రోజులో నాలుగిళ్ల వాళ్లు పత్రికలిచ్చి వెళితే నాలుగు సగాలు... 40 గ్రాములు. చాయ్‌లో మానేసిన చక్కెరంతా ఇలా దొడ్డిదారిన వచ్చి చేరింది. విడిగా కలిపే చక్కెర పెద్దవాళ్లకు రోజుకు 25 గ్రాములలోపు ఉంటే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. అదీ అందరికీ కలిపి చెప్పిన మాట. షుగరు ఉన్నవాళ్ల సంగతి వేరే చెప్పాలా?

పోనీ, వచ్చినవాళ్లను వట్టి నీళ్లతో పంపిద్దామా? మన ఇళ్లలో అది కుదిరే పనేనా! వేడి చాయ్ పెడదామంటే 'గీ ఎండల చాయేంది బిడ్డా' అని చిన్నమ్మే ముందు నవ్వింది. మజ్జిగ మంచిదే. కానీ రోజంతా వచ్చేవాళ్లకు సరిపడా పెరుగు ఏ ఇంట్లో ఉంటుంది? ఇలా ఆలోచిస్తూ వంటింట్లో నిలబడితే చాయ్‌పత్తా డబ్బా కనిపించింది. పక్కనే నిమ్మకాయలు. బుట్టలో బత్తాయిలు. అరె... ఐస్ టీ చేస్తే పోలా!

మొదటిసారి... కషాయమే

నేను చేసిన ఆ మొదటి ఐస్ టీ తాగినవాళ్లు నన్ను ఇప్పటికీ క్షమించలేదు. రోజూ చాయ్ పెట్టినట్టే నీళ్లలో పత్తా వేసి కుతకుతా మరిగించా. వేడివేడిగా ఉండగానే నిమ్మకాయలు గట్టిగా పిండా, గింజలతో సహా. గ్లాసుల్లో ఐసు ముక్కలేసి పైనుంచి పోశా. ఐసు క్షణాల్లో మాయం. మిగిలింది చేదుగా, వగరుగా, గోరువెచ్చగా ఓ గోధుమరంగు నీళ్లు. చిన్నాయన ఒక్క గుక్క తాగి, 'జరమొస్తే మంచిగ పనిచేస్తది' అన్నాడు.

తప్పు ఎక్కడ జరిగింది? మన చాయ్‌లో పాలుంటాయి. పత్తా మరిగినప్పుడు దిగే వగరును పాలలోని మాంసకృత్తులు చాలావరకు పట్టి ఉంచుతాయి. అందుకే ఎంత మరిగినా మనకు చిక్కగా, కమ్మగా ఉంటుంది. పాలు లేని చాయ్‌కు ఆ అండ లేదు. వగరంతా నేరుగా నాలుక మీదికే! కాబట్టి దీనికి మరిగించడం పనికిరాదు. నీళ్లు మసిలాక స్టవ్ కట్టేసి, అప్పుడు పత్తా వేసి మూత పెట్టాలి. మూడంటే మూడు నిమిషాలు. గడియారం చూసుకుని మరీ వడకట్టాలి.

నిమ్మ, బత్తాయిలతోనూ కాస్త జాగ్రత్త. గింజలు నలిగినా, తొక్క లోపలి తెల్లపొర పిసికినా చేదు దిగుతుంది. పైగా బత్తాయి రసం పిండి పెట్టిన కాసేపటికే చేదెక్కడం మొదలవుతుంది. అందుకని దాన్ని అన్నిటికన్నా చివర, ఇచ్చే ముందే పిండాలి. అసలు నిమ్మ ఉండగా బత్తాయి ఎందుకంటారా? పులుపు నిమ్మది, తీపి బత్తాయిది. ఆ తీపి మేరకు చక్కెర తగ్గించుకోవచ్చు. నల్గొండ బత్తాయి మనకు పక్కింటి పండే కదా!

నిమ్మకాయ ధర కొండెక్కే రోజులూ ఉంటాయి. 2022 ఏప్రిల్‌లో చూశాంగా! అలాంటప్పుడు ఒక్క కాయతోనే సరిపెట్టి, దాని పై పచ్చతొక్కను పలచగా చెక్కి వేడి డికాక్షన్‌లో ఒక్క నిమిషం ఉంచి తీసేయండి. రసం తగ్గినా వాసన తగ్గదు.

కరెంటు పోతేనేం... కుండ లేదూ!

రెండోసారి అన్నీ సరిగ్గా కుదిరాయి. ఇంతలో గాలిదుమారం లేచింది. కరెంటు పోయింది. బయట చుట్టాలు, ఫ్రిజ్‌లో నీరవుతున్న ఐసు. నేను తల పట్టుకుంటే చిన్నమ్మ మాత్రం తాపీగా, 'ఐసెందుకే... కుండల నీళ్లు లేవా?' అంది.

నిజమే! డికాక్షన్‌ను సగం నీళ్లతోనే చిక్కగా తీసి, చల్లారాక మిగతా సగం కుండనీళ్లు కలిపాం. మట్టికుండ సన్నని రంధ్రాల నుంచి చెమ్మ బయటికొచ్చి ఆవిరవుతూ లోపలి నీళ్ల వేడిని లాగేస్తుంది కదా! కరెంటుతో పనే లేదు. గొంతు జివ్వుమనేంత చల్లన కాదు గానీ, ఎండన పడి వచ్చినవాళ్లకు హాయిగా దిగేంత చల్లన. ఐసు లేకపోతే రుచి పలచబడే బాధా లేదు. ఐసు కావాలనుకుంటే ఇంట్లో కాచి చల్లార్చిన నీళ్లతో చేసుకున్నదే వాడండి. మిగిలిన డికాక్షన్‌నే ఐసు ట్రేలో పోసి పెట్టుకుంటే ఇంకా మంచిది. కరిగినా చాయే! బయట చేపల పెట్టెల్లో వేసే ఐసు జోలికి మాత్రం పోవద్దు.

ఐసు ముక్క మనకిప్పుడు చిన్నచూపు గానీ, ఒకప్పుడు అది ఓడలెక్కి వచ్చింది. అమెరికాలో చలికాలంలో గడ్డకట్టిన చెరువుల నుంచి కోసిన ఐసును పొట్టులో దాచి 1833లో బోస్టన్ నుంచి కలకత్తాకు తెచ్చారు. నెలల తరబడి ప్రయాణంలో చాలా భాగం కరిగిపోయింది. అయినా లాభమే! మద్రాసులో 1842లో దానికోసం కట్టిన గిడ్డంగే ఐస్ హౌస్. 1897లో స్వామి వివేకానంద బస చేసిన భవనం అదే.

ఇక ఐస్ టీ పుట్టుక గురించి ఓ కథ ఉంది. 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ప్రపంచ ప్రదర్శన. మన దేశపు టీకి ప్రచారం చేయడానికి రిచర్డ్ బ్లెచిండెన్ అనే ఆయన అక్కడ వేడి టీ పోస్తూ కూర్చున్నాడట. మండుటెండలో ఎవరూ ముట్టలేదట. విసుగొచ్చి ఐసు మీద పోసి ఇస్తే జనం ఎగబడ్డారట. కథ బాగుంది కానీ, అప్పటికి పాతికేళ్ల ముందే, 1879లో అచ్చయిన ఓ అమెరికా వంటల పుస్తకంలో ఐస్ టీ విధానం ఉంది. అందులోనూ చివరికి నిమ్మకాయ పిండమనే ఉంది! అయినా ఆ కథలోని ఎండ, ముట్టని వేడి టీ మాత్రం మన చిన్నమ్మ నవ్వు లాంటివే.

చేసేద్దామా మరి!

కావలసినవి (నాలుగు గ్లాసులకు): డికాక్షన్‌కు నీళ్లు - రెండు గ్లాసులు, చల్లని కుండనీళ్లు - ఒకటిన్నర గ్లాసులు, చాయ్‌పత్తా - మూడు చెంచాలు, చక్కెర - నాలుగు చెంచాలు, నిమ్మకాయలు - రెండు, పెద్ద బత్తాయి - ఒకటి, పుదీనా ఆకులు - ఎనిమిది, ఉప్పు - చిటికెడు.

తయారుచేసే విధానం: నీళ్లు మసిలాక స్టవ్ కట్టేసి పత్తా వేసి, మూడు నిమిషాలు మూతపెట్టి వడకట్టాలి. వేడిగా ఉండగానే చక్కెర, ఉప్పు కరిగించాలి. చల్లారాక చక్కెర వేస్తే అడుగునే ఉండిపోతుంది. ఉప్పు దేనికంటారా? ఆ చిటికెడే చేదును అణుస్తుంది. డికాక్షన్‌ను బయటే పూర్తిగా చల్లారనిచ్చి కుండనీళ్లు కలపాలి. ఇచ్చే ముందు గింజలు పడకుండా నిమ్మ, బత్తాయి పిండి, పుదీనా నలిపి వేస్తే సరి.

నిమ్మరసం పడగానే ముదురు రంగు చాయ్ ఒక్కసారిగా తేనెరంగుకు మారుతుంది. పులుపు తగిలితే టీలోని రంగు పదార్థాలు అలా పలచబడతాయి. పిల్లలుంటే ఆ పని వాళ్లకే అప్పగించండి, భలే సరదాపడతారు. ఫ్రిజ్‌లో పెట్టాక చాయ్ మబ్బు పట్టినట్టయితే కంగారొద్దు. చల్లబడినప్పుడు కెఫీన్, వగరు పదార్థాలు ఒకదాన్నొకటి పట్టుకుని అలా కనిపిస్తాయి. కాసిని వేడినీళ్లు పోస్తే తేటపడుతుంది.

ఇవి మరవద్దు

- భోజనంతో పాటు వద్దు. టీలోని వగరు పదార్థాలు ఆకుకూరలు, పప్పుల్లోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత. కాబట్టి తిండికీ దీనికీ కనీసం గంట ఎడం ఉండాలి.

- వడదెబ్బకు ఇది మందు కాదు. ఎండకు సోలిపోయినవాళ్లకు నీడ, తడిగుడ్డ, ఓఆర్‌ఎస్ ముఖ్యం. తెలివి తప్పినా, మాట తడబడినా నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

- ఏ రోజుది ఆ రోజే తాగేయాలి. పసిపిల్లలకు టీ వద్దు.

అన్నట్టు, షుగరు ఉన్నవాళ్ల వాటా సంగతి! వడకట్టగానే, చక్కెర వేయకముందే, అర గ్లాసు డికాక్షన్ విడిగా తీసి ఉంచాలి. అందులో కుండనీళ్లు, నిమ్మరసం, పుదీనా మాత్రమే. బత్తాయి కూడా వద్దు. మా చిన్నాయన గ్లాసు ఇప్పుడు అదే. అందరి గ్లాసుల రంగూ ఒకటే కాబట్టి చుట్టాల ముందు 'నాకు షుగరు, నేను తాగను' అనే మాట రాదు. 'ఒక్క గుటక తాగు బావా, ఏం గాదు' అనే బలవంతాలూ లేవు. దీంతోనే ఆయన అంకెలు దిగాయని నేను చెప్పను. మందులున్నాయి, పొద్దున నడక ఉంది, డాక్టరు మాట ఉంది. కానీ ఆ దొడ్డిదారి మాత్రం మూతపడింది.

మొన్నటి వేసవిలో పత్రిక ఇవ్వడానికొచ్చిన ఒకాయన రెండో గ్లాసు కూడా ఖాళీ చేసి, 'అక్కా, గిది ఏ కంపెనీది? మా పెళ్లిల గూడ పెడ్తం' అన్నాడు. చిన్నమ్మ మూలనున్న కుండ వైపు చూపించి, 'ఎంతమందొస్తరు చెప్పు... పత్తా ఎంత గావాల్నో నేను చెప్త' అంది.