పగలు మిగులు.. రాత్రి దిగులు
నిల్వ ఉంటేనే సౌర విద్యుత్తుకు సార్థకత

కర్నూలు: సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళకు గని, శకునాల గ్రామాల సౌర పలకలు పతాక స్థాయిలో విద్యుత్తునిస్తాయి. ఇళ్లలో దీపాలు వెలిగే సమయానికి వాటి ఉత్పత్తి సున్నాకు చేరుతుంది. సూర్యరశ్మి, గాలి దేశ భావి అవసరాలు తీర్చగలవా అన్న ప్రశ్నకు సమాధానం ఈ అంతరంలోనే ఉంది.

ధర కాదు.. వేళ ముఖ్యం
సుమారు 5,900 ఎకరాల్లో వెయ్యి మెగావాట్ల సామర్థ్యంతో నెలకొల్పిన ఈ సౌర పార్కు 2017లో పూర్తయింది. ఇందులో కొంత భాగానికి 2015లో జరిగిన వేలంలో యూనిట్ ధర రూ.4.63 పలికింది. 2020 డిసెంబరు నాటికి గుజరాత్‌ వేలంలో అది రూ.1.99కి దిగివచ్చింది. అంటే ధర ఇక అడ్డంకి కాదు. 2025 మధ్య నాటికి దేశ స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతర వనరులదే. అయినా వాస్తవ ఉత్పత్తిలో మూడింట రెండు వంతులకు పైగా బొగ్గు నుంచే వస్తోంది. రాత్రి గిరాకీని తీర్చేది ప్రధానంగా అదే.

కొండపై నీరే బ్యాటరీ
ఈ లోటును పూడ్చే మార్గం జిల్లా పొరుగునే రూపుదిద్దుకుంది. నంద్యాల జిల్లా పాణ్యం మండలం పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టుకు 2022 మేలో శంకుస్థాపన జరిగింది. పగటి మిగులు విద్యుత్తుతో దిగువ జలాశయంలోని నీటిని ఎగువకు తోడి, సాయంత్రం కిందకు వదిలి టర్బైన్లు తిప్పడం దీని విధానం. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలోని రివర్సిబుల్ టర్బైన్లదీ ఇదే సూత్రం. అయితే నూరు యూనిట్లు వెచ్చిస్తే తిరిగి దక్కేది 75 నుంచి 80 యూనిట్లే. తొలి నింపుడుకు గోరుకల్లు జలాశయమే ఆధారం. ఆవిరయ్యే నీటిని ఏటా భర్తీ చేయక తప్పదు.

రైతుకు దక్కేదేమిటి?
నిల్వలో నష్టం ఉన్నందున పగటి విద్యుత్తును పగలే వాడుకోవడం అన్నిటికంటే లాభం. వ్యవసాయానికి 2004లో మొదలైన ఉచిత విద్యుత్తును పూర్తిగా ఎండ వేళల్లో అందిస్తే ప్రభుత్వానికి భారం తగ్గుతుంది. రాత్రివేళ బోర్ల వద్ద పాముకాటు, విద్యుదాఘాతాల ముప్పూ రైతుకు తప్పుతుంది.

మరోవైపు, ఇక్కడి భూమి, నీటితో తయారయ్యే సాయంత్రపు విద్యుత్తు గ్రిడ్ ద్వారా దేశంలో ఎక్కడికైనా తరలిపోగలదు. నిర్మాణం ముగిశాక సౌర పార్కుల్లో పలకలు తుడవడం, కాపలా మినహా స్థానికులకు పని స్వల్పమే. రాష్ట్ర ప్రభుత్వం 2024 స్వచ్ఛ ఇంధన విధానంలో రూ.10 లక్షల కోట్ల పెట్టుబడులు, 7.5 లక్షల ఉద్యోగాలు లక్ష్యంగా ప్రకటించింది. భూములిచ్చిన గ్రామాల యువతకు ఐటీఐల్లో తగిన శిక్షణ, నియామకాల్లో ప్రాధాన్యం లభించినప్పుడే ఆ లక్ష్యానికి అర్థం. లేకుంటే ఎండ ఇక్కడిది, వెలుగు మరొకరిది అవుతుంది.