వాడు లెక్కేసుకునే కొండెక్కాడు, మనమే లెక్కెయ్యలేదు



మన గ్రూపులోనే కొందరు తమ్ముళ్లు ఈమధ్య ఒక మాట తెగ తిప్పుతున్నారు. "కింద వాళ్లు ఫ్లాట్లు అద్దెకిచ్చి కూర్చుని తింటున్నారు, 1/70 అడ్డం ఉండబట్టే మన భూమికి అద్దె లేదు" అని. పోనీ, లెక్కే చూద్దాం.

విశాఖలో 50 లక్షల ఫ్లాట్ అనుకో. స్టాంపు, రిజిస్ట్రేషన్ 7.5 శాతం కలిపితే 53.75 లక్షలు. అద్దె నెలకి 15 వేలు. ఏడాదిలో ఒక నెల ఖాళీ పోతే చేతికొచ్చేది 1,65,000. ఇంటి పన్ను, రంగులు, ప్లంబరు, ఖాళీ నెల మెయింటెనెన్స్, ఓ 20 వేలు తీసెయ్. మిగిలింది 1,45,000. అంటే 2.7 శాతం! 40 లక్షలు లోను తీస్తే 8.5 శాతం వడ్డీకి, 20 ఏళ్లకి, నెలకి దాదాపు 34,700 కట్టాలి. అద్దె అందులో సగానికి కూడా రాదు. కూర్చుని తినేది ఎవరయ్యా, బ్యాంకోడు తప్ప?

ఇప్పుడు అరకు రండి. మనోడి పేరు మీద, మనోడి భూమిలో, బయటోడు 80 లక్షలతో పది గదుల లాడ్జి కట్టాడు. (అంకెలు ఉదాహరణకే, మీ ఊరివి పెట్టి చూసుకోండి.) గది 2,000, ఏడాదికి 120 రాత్రులు నిండితే 24 లక్షలు. జీతాలు 6, కరెంటు, నీళ్లు, దుప్పట్ల ఉతుకుడు 3, బుకింగ్ యాప్ కమీషన్ 2, రిపేర్లు 1. ఖర్చు 12 లక్షలు. మనోడికి నెలకి 10 వేలు పారేశాక కూడా వాడికి 10.8 లక్షలు, అంటే 13.5 శాతం. కింద ఫ్లాటుకి ఐదింతలు!

ఎందుకంత? వాడి 80 లక్షల్లో భూమి ఖర్చు సున్నా. వాడి తెలివి కాదు అది, మన భూమి.

పైగా "లీజే కదా, అమ్మలేదు కదా" అంటారు. 1959 రెగ్యులేషన్‌లో బదిలీ అంటే లీజు కూడా అని రాసే ఉంది. 1970 సవరణ తర్వాత షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనేతరుడికి చేసిన ఏ బదిలీ చెల్లదు. 1997లో సమత తీర్పు ప్రభుత్వాన్ని కూడా ఇందులోంచి వదల్లేదు. ఇక బినామీ చట్టం ఉంది. 2016 సవరణ ప్రకారం పేరిచ్చినోడికీ ఏడాది నుంచి ఏడేళ్ల దాకా జైలు. డబ్బు వాడిది, జైలు మనోడిది కూడా.

చట్టం సడలిస్తే ఈ నెలకి పదివేలు కూడా ఉండవు, ఒక్కసారి ఇచ్చి పంపేస్తారు.

మనం ఏం చెయ్యాలి అంటారా? కేంద్రం గిరిజన హోమ్‌స్టేలకి కొత్త గదులు కట్టుకోడానికి 5 లక్షల దాకా సాయం ప్రకటించింది. రెండు గదులు, 1,500 చొప్పున, 80 రాత్రులంటే 2.4 లక్షలు. సగం ఖర్చు పోయినా 1.2 లక్షలు. ఆ లాడ్జోడు మనోడికి ఏడాదికి ఇచ్చేదీ సరిగ్గా అంతే! ఇంట్లో అమ్మా వదినా చేసే చాకిరీ ఇందులో వెయ్యలేదు, అది వెయ్యాల్సిందే. కానీ గది మనది, మీటరు మనది.

ఎవరింట్లోనైనా ఇలాంటి అగ్రిమెంటు కాగితం ఉంటే ఈ సెలవుల్లో బయటికి తియ్యండి. లోను ఎవరి పేరున ఉంది, కరెంటు బిల్లు ఎవరి పేరున వస్తోంది, ఎన్నేళ్లకి సంతకం పెట్టించుకున్నారు, ఈ మూడూ ముందు చూడండి. చదువుకున్నోళ్లం మనమే కదా, నాన్నకి చదివి వినిపించండి.