పేరెక్కడుందండీ?

కిందటి నెలలో ఒక ఆదివారంనాడు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాతపుస్తకాలు తిరగేస్తూంటే ఒక ఇంగ్లీషు బొమ్మలకథల పుస్తకం చేతికి తగిలింది. మొదటి పేజీ చూశాను. బేరం ఆడకుండా కొనేశాను. బేరమాడకుండా నేను కొన్న వస్తువు మా ఇంట్లో అదొక్కటే కనక మా ఆవిడ దాన్ని అనుమానంగా అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏం పుస్తకమండీ ఇది?"

"ఆ పేజీలోనే పేరు రాసివుంది, చూడు."

చూసింది. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూసింది.

"వానుంది, చీకటుంది, మేడలున్నాయి. పేరెక్కడుందండీ?"

"ఆ మేడలే పేరు!"

అవును మరి. ఆకాశాన్నంటే ఆ మేడలు ఒక్కొక్కటీ ఒక్కో ఇంగ్లీషు అక్షరం. వాటికి కిటికీలున్నాయి. గోడలమ్మట వాన కారుతోంది. అక్షరాల నీడ వీధిలో పడి, ఆ నీడలో ఒక మనిషి నిలబడివున్నాడు. పేరు కథమీద అంటించినట్టు లేదు, ఆ వూళ్ళోనే కట్టినట్టుంది.

ఆ బొమ్మ వేసిన మహానుభావుడు విల్ ఐస్నర్. 1917లో న్యూయార్కులో పుట్టాడు, 2005లో పోయాడు. కథలకు మకుటం 'ది స్పిరిట్'. చచ్చిపోయాడని లోకమంతా నమ్మిన డెన్నీ కోల్ట్ అనే డిటెక్టివు నిజానికి చావక, శ్మశానం అడుగున కాపరం పెట్టి, కళ్ళకు ముసుగు తగిలించుకుని దొంగల్ని పడుతూంటాడు. ఇలాటివాళ్ళను మనం డిటెక్టివు నవలల్లో బోలెడుమందిని చూశాం. అలాగని కథలన్నీ చప్పనివనుకునేరు! 1948 సెప్టెంబరులో వచ్చిన గెర్హార్డ్ ష్నాబుల్ కథ చూడండి. పాపం, అతనికి ఎగరడం వచ్చు. నిజంగానే ఎగురుతాడు. ఒక్కడూ తలెత్తి చూడడు. ఎవరో కాల్చుకుంటూంటే దారితప్పిన గుండొకటి తగిలి రాలిపోతాడు. ఎగిరాడన్న సంగతే ఎవరికీ తెలీదు. ఇదంతా 7 పేజీల్లో!

అవును, కథకు దక్కేవి ఏడే పేజీలు. 1940 జూన్ 2 నుంచి 1952 అక్టోబరు దాకా ఈ కథలు అమెరికాలో ఆదివారం దినపత్రికలతో కలిపి ఇచ్చే 16 పేజీల అనుబంధంలో వచ్చాయి. కొట్లో అమ్మే పుస్తకానికైతే అట్ట వుంటుంది, అట్టమీద కొనేవాణ్ణి పిలిచే బొమ్మ వుంటుంది. దీనికి విడిగా అట్ట లేదు. కథ మొదటి పేజీయే అట్ట. ఆదివారప్పత్రిక బొత్తిలోంచి అది జారిపడ్డప్పుడు ఇంట్లోవాళ్ళు ఒక్కక్షణం ఆగి చూడాలి. ఆగకపోతే ఆ వారం కథ చిత్తుకాగితాల్లోకే.

వ్యాపారం తెలిసినవాళ్ళు ఇలాటప్పుడు ఏం చేస్తారు? పేరు పెద్దగా, ప్రతివారం ఒకేలాగ వేస్తారు. సబ్బుబిళ్ళమీద పేరు వారానికో రకంగా అచ్చువేస్తే ఆ సబ్బు ఎవరు పోలుస్తారు? ఐస్నర్ ఆ పనే చేశాడు. ఒక వారం పేరు మేడలైంది. మరో వారం గాలికి కొట్టుకుపోయే చింపికాగితాలైంది. 1946లో పి'జెల్ అనే మాయలాడి మొదటిసారి వచ్చినప్పుడు సోఫామీద పడుకుని పాఠకుణ్ణే నేరుగా పలకరిస్తుంది. ఏడు పేజీల్లో ఒకటి బొమ్మకింద ఖర్చు రాశాడే అని నేనూ మొదట అనుకున్నాను. నాలుగైదు కథలు చదివాక లెక్క తెలిసింది. పేరెక్కడుందా అని వెతుక్కుంటూ మనం ఆ సందులో సగందూరం నడిచేస్తాం. వానలో తడిసేవుంటాం. అక్కణ్ణించి కథకుడు కాలం, స్థలం, వాతావరణం అంటూ ఒక్కమాట కూడా రాయనక్కర్లేదు. ఆ వానకైతే హార్వీ కర్ట్స్‌మన్ అనే మరో బొమ్మలాయన ఐస్నర్ పేరు కలిపి ముద్దుపేరే పెట్టాడు.

ఈ విద్య ఎక్కడిదంటారా? ఐస్నర్ తండ్రి నాటకాలకు తెరలు వేసేవాడు. తెర లేవకముందే చూసేవాణ్ణి వూళ్ళోకి తీసుకుపోవడం ఆ ఇంట్లో కొత్త కాదన్నమాట. మంచి పేజీలు చాలామటుకు యుద్ధంలో పనిచేసి 1945లో తిరిగొచ్చాకనే వేశాడు. అన్నీ ఒంటిచేత్తో వేయలేదు సుమా. వెనకాల మేడలూ గోడలూ వేయడానికి జెర్రీ గ్రాండెనెట్టీ, అక్షరాలకు ఏబ్ కనెగ్సన్ సాయంవుండేవారు. బాపు చేతిరాత చూడగానే, లోపల కథ ఎవరిదైనా సరే, పేజీ దగ్గర ఆగిపోయిన మనబోటివాళ్ళకు అక్షరాలు చేసే పని వేరే చెప్పాలా!

పుస్తకం మా మనవడికిచ్చాను. వాడికి పదేళ్ళు. అక్షరాలన్నీ వాడే కనిపెట్టాడు. "ఇలా ఇంకెవరూ వేసేవారు కాదురా," అని నేను కాస్త గొప్పలు కూడా పోయాను. లోపలికి వెళ్ళాడు. కాసేపటికి వేలుపెట్టి చూపించాడు.

"తాతయ్యా, అందరూ మనుషుల్లా వున్నారు. వీడొక్కడే ఇలా వున్నాడేం?"

వాడు చూపించింది ఎబొనీ వైట్‌ని. స్పిరిట్ వెంట తిరిగే నల్లకుర్రాడు. టాక్సీ నడుపుతాడు, ధైర్యస్థుడు, మంచివాడు. బొమ్మలో మాత్రం ఇంతలేసి పెదాలు, మిటకరించిన గుడ్లు, నవ్వులాటకు వేసిన మొహం. 1950 నాటికి ఐస్నర్ అతణ్ణి కథల్లోంచి తప్పించేశాడు. అప్పటికి పదేళ్ళు ఆ మొహమే వేశాడు.

"ఆ రోజుల్లో అక్కడ అందరూ అలాగే వేసేవార్రా," అన్నాను.

"మరి మేడలు ఎవరూ వెయ్యనట్టు వేశాడన్నావుగా?" అన్నాడు.

నాకు జవాబు తోచలేదు. ఇప్పటికీ తోచలేదు. పుస్తకం వాడి దగ్గరే వుంది.

మొన్న వాడి లెక్కల నోటుబుక్కుమీద పేరు కనపడలేదు. ఏవో నీళ్ళటాంకులు, కరెంటుస్తంభాలు, వాటిమీద కాకులు. వెనక్కి తిప్పి చూడబోతూంటే మా ఆవిడ చేతిలోంచి లాక్కుంది.

"పేరు పైనే వుంది. కళ్ళజోడు పెట్టుకోండి," అంది.