సరళీ వరసలకు ఇరవై కిలోమీటర్లు

పోయిన ఆదివారం మా అమ్మాయిని సంగీతం క్లాసు మాన్పించేశాను. తొమ్మిదేళ్ల పిల్ల. చేరి నాలుగు నెలలు. సరళీ వరసలు రెండో కాలంలోనే తడబడుతుంటే అప్పుడే కీర్తన ఎత్తించారు. పండక్కి వీడియో పెట్టాలట. పై షడ్జం అందుకోవడానికి మెడనరాలు బిగబట్టి పిల్ల అరుస్తుంటే, గుమ్మం బయట చెప్పుల పక్కన కూర్చున్న నా ప్రాణం ఉసూరుమంది. టీచరు ఆపలేదు, ఫోన్ వైపు చూడమన్నారు.

ఈ వారమంతా నాదర్‌గుల్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా గురువు కోసం తిరిగాను. పదిహేను మందిని కలిపి కూర్చోబెట్టే చోట నెలకు పదిహేను వందలు. విడిగా అయితే వారానికి రెండు క్లాసులు, ఐదు వేలు. కర్మన్‌ఘాట్‌లో ఒకావిడ మాత్రం పిల్ల చేత ‘స’ పట్టించి, విని, శ్రుతిని ఐదున్నర నుంచి ఐదుకు దించారు. ‘ఏడాది దాకా పాట అడగనంటేనే చెబుతానమ్మా’ అన్నారు. ఆ మాటకు దణ్ణం పెట్టాలనిపించింది.

సరళీ, జంట, అలంకారాలు, ఆ తర్వాతే గీతం. పురందరదాసు పెట్టాడని చెప్పుకునే ఈ వరస ఇన్ని వందల ఏళ్లు ఊరికే నిలవలేదు. మాయామాళవగౌళలో స నుంచి మ దాకా మెట్ల ఎడం ఎంతో, ప నుంచి పై స దాకా అంతే. కింద కుదిరిన గొంతుకు పైన భయం ఉండదు. ఆ మెట్లు ఎక్కించకుండా పిల్లను మేడ మీదికి విసిరేయడం పాపం. ఎన్నిసార్లు రాసినా మళ్లీ రాస్తాను.

ఐదు వేలు ఎక్కువని నేననను. పదిహేనేళ్ల సాధనకు క్లాసుకు ఆరు వందల పాతిక అన్యాయం కాదు. ఇవ్వలేని ఇళ్ల సంగతే నన్ను కోస్తోంది. రాంకోఠిలో సర్కారు సంగీత కళాశాల 1952 నుంచీ ఉంది. నగరం మా పొలాల మీదుగా పెరిగిపోయింది, కళాశాల అక్కడే ఆగింది. స్కూలు వదిలాక చంపాపేట, చాదర్‌ఘాట్ ట్రాఫిక్‌లో పడి ఇరవై కిలోమీటర్లు ఏ పిల్ల వెళ్తుంది?

విజయనగరంలో 1919లోనే రాజావారు సంగీత కళాశాల పెట్టించారు. ఘంటసాల అక్కడికి చేరేసరికి సెలవులు. పట్రాయని సీతారామశాస్త్రిగారు ఇంట్లో ఉంచుకుని పైసా తీసుకోకుండా చెప్పారు. అలాంటి గురువు ప్రతి వీధికీ పుట్టడు, అందుకే సంస్థ కావాలి. మా పక్కనే బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలై 2024లో 30 లక్షలు దాటింది. ఆ సొమ్ము ఊరి బాగుకే వెళ్తుంది. అందులో కొంత తీసి ఒక గది, ఒక తంబురా, నెల జీతానికి ఒక గురువు ఏర్పాటు చేయమని పెద్దలను చేతులు జోడించి అడుగుతున్నాను.

గది ఎందుకంటే, ఇంట్లో పాడనివ్వడం లేదు. పొద్దున ఆరింటికి మా పిల్ల అకారం పడితే కింది ఫ్లాటువాళ్లు అసోసియేషన్‌కు ఫిర్యాదు చేశారు. అదే సందులో అర్ధరాత్రి డీజే పెట్టి కిటికీ అద్దాలు అదిరినా ఒక్కరూ నోరెత్తరు. చంటిపిల్లలు, గుండెజబ్బు ముసలివాళ్లు ఉన్న సందు అది. ఈసారి నేనే పోలీసులకు ఫోన్ చేస్తాను.

కర్మన్‌ఘాట్ ఆవిడకు ఇప్పుడు ఖాళీ లేదు. సాయంత్రాలు ఇక్కడి పిల్లలు, తెల్లవారుజామున ఆన్‌లైన్‌లో అమెరికా పిల్లలు. పేరు రాయించి వచ్చాను. జూన్ తర్వాత కబురు చేస్తామన్నారు.