రాణి మీదే సరే, ఆ అన్నం ఎవరిది?

2023లో నెట్‌ఫ్లిక్స్ క్లియోపాత్రాగా నల్లజాతి నటిని చూపిస్తే ఈజిప్టు భగ్గుమంది. ఆమె ఒళ్లు తెల్లనిదేనని అక్కడి పురావస్తు శాఖ ప్రకటన ఇచ్చింది. రెండు వేల ఏళ్ల కిందట పోయిన రాణి రంగు మీద కొట్లాట! నవ్వొస్తోందా? ఆగండి. క్లాసులో నేను శాసన భాష మొదలుపెట్టగానే రేపల్లె పిల్లలైనా, తెనాలి పిల్లలైనా అడిగే మొదటి ప్రశ్న: "మేడమ్, రుద్రమదేవిది ఏ కులం?"

పిల్లల తప్పు కాదు. పెద్దలు పెట్టిన పేచీ అది. కాకతీయులది నాలుగో వర్ణమనే శాసనాలున్నాయి, సూర్యవంశమనేవీ ఉన్నాయి. ఎవరికి కావాల్సింది వాళ్లు ఏరుకుంటున్నారు. ఆనాటి సింహాసనం ఆమెను 'రుద్రదేవ మహారాజు' అని మగపేరుతో పిలిచింది. ఈనాటి కుల సంఘాలు ఆ పేరుకు తోక తగిలిస్తున్నాయి.

నేనడిగేది వేరు. రాజధాని ప్రాంతంలో, మందడం పక్కన, 1261 నాటి మల్కాపురం శాసనం ఉంది. గణపతిదేవుడు మందడాన్ని, రుద్రమ వెలగపూడిని గోళకీ మఠం గురువు విశ్వేశ్వర శివాచార్యుడికి దానమిచ్చారు. అదే వెలగపూడిలో ఇవాళ సచివాలయం ఉంది. ఆ దానంతో గుడి, మఠం, చదువులు, ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నసత్రం నడవాలి. సత్రంలో బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా ఎవరొచ్చినా అన్నం పెట్టాలి.

"చూశారా, అప్పట్లోనే సమానత్వం!" అంటారు కొందరు. వరస చూడండి. మొదట ఎవరు, చివర ఎవరు? ఆ ఊళ్లో బ్రాహ్మణులకు భూములు రాసిచ్చారు. మనకు రాసింది ముద్ద. ముద్ద సాయంత్రానికి అరిగిపోతుంది, భూమి మునిమనవళ్ల దాకా వస్తుంది. రుద్రమను తక్కువ చేయడం లేదు. పురుటి మంచం గురించి ఆలోచించిన పాలకులు ఇవాళా అరుదే. కానీ దయ వేరు, హక్కు వేరు. అంబేడ్కర్ మనకు నేర్పిందే అది.

ఇక బాపట్ల జిల్లాకు రండి. కాకతీయుల రేవు మోటుపల్లి ఇక్కడిదే. ఆ రాజ్యాన్నేలిన రాణి న్యాయాన్ని మార్కోపోలో పొగిడాడు. సాలెగూడంత సన్నని బట్టలనూ పొగిడాడు. నేసినవాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

కారంచేడూ ఈ జిల్లాదే. చెరువు నీళ్లు పాడుచేయొద్దన్నందుకు మొదలైన గొడవ, 1985 జూలై 17న ఆరుగురి ప్రాణాలు తీసింది. తెనాలిలో బాపట్ల రైలెక్కితే దారిలో చుండూరు. సినిమా హాల్లో కాలు తగిలిందని మొదలై, 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది.

రుద్రమ రక్తం మాదేనంటున్న పెద్దలారా! రాణి కత్తి, గుర్రం, కిరీటం మీకు వారసత్వమే కావచ్చు. మల్కాపురం శాసనంలో చివర నిలబెట్టిన ఆ మనిషి కూడా ఆ వారసత్వంలో వాటాదారే. సత్రంలో అన్నానికి అర్హుడైనవాడు 724 ఏళ్ల తర్వాత చెరువులో మంచినీళ్లకు ఎందుకు అర్హుడు కాలేదో చెప్పండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మల్కాపురం వెళ్లి ఆ రాయి చూడండి. తిరిగొస్తూ చుండూరులో దిగి రక్తక్షేత్రం దగ్గర నిలబడండి. రాణి ఏ కులమని ఈసారి ఎవరైనా అడిగితే, ఆమె రాజ్యంలో మన భూమెంత అని అడగండి.

జై భీమ్.